మనవి అను మాటకు అర్థము

(ఉధ్నాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఉధ్నా జంక్షనులోను, సూరతు తపాలా కార్యాలయములలోను పనిచేయుచున్న తెలుగు ఉద్యోగులు ఒకచోట కూడిన ఈ సభలో మేము వేతనములను గురించియో, పని గంటలను గురించియో మాట్లాడుదుమని మీరు అనుకొనియుందురు. ఆ విషయములపై తీర్మానములు మీ ముందున్నవి. మేము ఒక చిన్న మాటను గురించి మాట్లాడదలచితిమి. ఆ మాట 'మనవి'.

మన ఉద్యోగ జీవితములో మొదటి దరఖాస్తు మొదలు పింఛను కాగితము వరకు ఈ మాట లేని కాగితము అరుదు. సెలవు కావలెనన్న మనవి, బదిలీ కావలెనన్న మనవి, నిలిచిపోయిన ఇంక్రిమెంటు కావలెనన్న మనవి. ఇన్ని మార్లు వ్రాయు మాటకు అర్థమేమో ఒకసారి ఆలోచించుట అవసరము. ఏలయనగా ఈ మాటను తప్పుగా గ్రహించినందువలన న్యాయముగా రావలసిన హక్కులు పోగొట్టుకొనుచున్నవారు మనలో కలరు.

మాటలు, వాని వాడుక

పెద్దల ముందర, అధికారుల ముందర విషయము చెప్పుకొనుటకు తెలుగులో చాల మాటలున్నవి. 'విన్నపము' సంస్కృతములోని విజ్ఞాపనమునకు తద్భవము. తెలియజేయుట అని దాని మూలార్థము. అందులో వంగుట లేదు, ప్రాధేయపడుట లేదు. 'విజ్ఞప్తి' కూడ ఆ ధాతువు నుండి వచ్చినదే. 'అర్జీ' అరబ్బీ మూలము గలది. 'దరఖాస్తు', 'ఫిర్యాదు' పారశీకము నుండి వచ్చినవి. నవాబుల కచేరీల నుండి ఈ మాటలు మన గ్రామములకు చేరి, మన మాటలే అయిపోయినవి. గుజరాతీలోను అర్జీ అర్జీయే, ఫిర్యాదు ఫిర్యాదే. ఇక్కడి భాష రాని తెలుగు నేతపనివాడు కూడ ఈ రెండు మాటలతో కచేరీ గుమ్మము దాటగలడు. మన 'మనవి' కన్నడములోను వాడుకలో కలదు.

ఈ మాటలన్నిటి బరువు ఒకటి కాదు. ఫిర్యాదులో నష్టపడినవాని గోడు ఉండును. దరఖాస్తులో కోరిక ఉండును. వేడుకోలులో ఎదుటివాని దయ తప్ప మరొక ఆధారము ఉండదు. మనవిలో మాత్రము మూడు అంశములు కలవు: చెప్పవలసిన విషయము, వినువానియెడ గౌరవము, సమాధానము వచ్చునను ఎదురుచూపు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను అది మనవి కాజాలదు. విషయము లోపించిన అది స్తోత్రము. గౌరవము లోపించిన అది తిట్టు. సమాధానము అక్కరలేదన్న అది వట్టి నిట్టూర్పు.

'మనవి చేయుచున్నాను' అనుటకును, 'మనవి చేసికొనుచున్నాను' అనుటకును భేదమున్నది. 'కొను' చేరగనే మాట కొంత తగ్గును. వేడుట వేడుకొనుట అయినట్లు, చెప్పుట చెప్పుకొనుట అయినట్లు, విషయము మీదనుండి దృష్టి తొలగి చెప్పువాని దైన్యము మీదికి పోవును. అప్పుడప్పుడు ఆ తగ్గు అందమే. ప్రతి కాగితములోను, ప్రతి వాక్యములోను తగ్గినచో చివరకు మిగులునది దైన్యమే.

మనవి క్రిందివాడు పైవానికి చేయునదే అనుకొనుట కూడ సరికాదు. మన స్టేషనులలో 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అని ప్రకటించునది ఎవరు? రైల్వే సంస్థయే. సభాధ్యక్షుడు సభ్యులకు మనవి చేయును. పెండ్లి పెద్దలు బంధువులకు మనవి చేయుదురు. అందరికన్న పెద్ద సంస్థ టిక్కెట్టు కొన్న సామాన్యునికి విజ్ఞప్తి చేయుచున్నప్పుడు, ఈ మాట దాస్యమునకు గుర్తు ఎట్లగును? ఇది మర్యాదకు గుర్తు. మర్యాద రెండు వైపుల నడచునది.

విధేయుడెవడు?

మనవి చివర మనము 'తమ విధేయుడు' అని సంతకము చేయుదుము. విధేయుడనగా విధికి లోబడినవాడు. విధి అనగా నియమము. కుర్చీలో కూర్చున్న మనిషి విధి కాదు. నియమమునకు లోబడి పనిచేయువానికి, ఆ నియమము తన విషయములో కూడ పాటింపబడవలెనని అడుగు హక్కు కలదు. కుర్చీలోనివాడు కూడ అదే నియమమునకు విధేయుడు. రైల్వేలలో నిబంధనల ప్రకారమే పనిచేయుట ఒక ఆందోళన రూపముగా వాడబడిన సంగతి మీకు తెలియును. విధేయతను అక్షరాల పాటించుటయే ఆందోళన అయినదన్న, నియమములు ఎవరి సౌకర్యము కొరకు ప్రతిదినము సడలుచుండెనో తెలియుచునే యున్నది.

మన సాహిత్య సంప్రదాయము కూడ ఇదే చెప్పుచున్నది. కంచెర్ల గోపన్న, అనగా భద్రాచల రామదాసు, 17వ శతాబ్దములో పాల్వంచ తహసీలుదారు. గోల్కొండ చెరసాల నుండి ఆయన రామునికి చేసిన మొరలు ఇప్పటికిని ఇంటింట పాడుచున్నారు. ఆ మొరలలో భక్తియున్నది, కన్నీరున్నది. వానితోపాటు ఏ నగకు ఎంత ఖర్చయినదో ఆ లెక్కయు ఉన్నది. దేవుని పాదములు పట్టుకొన్నప్పుడు కూడ మన తహసీలుదారు లెక్క విడువలేదు. మనవి వ్రాయు ఉద్యోగి నేర్వవలసినది అదియే.

1909లో ఓఖిల్ చంద్ర సేన్ అను ప్రయాణికుడు, అహ్మద్‌పూర్ స్టేషనులో తాను కాలకృత్యములకు దిగియుండగా గార్డు ఈల వేసి బండి నడిపించెనని సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయమునకు లేఖ వ్రాసెను. ఢిల్లీలోని రైలు మ్యూజియములో ప్రదర్శింపబడిన లేఖ అది. దాని ఇంగ్లీషు నిండ తప్పులే. చదివినవారు నవ్వుదురు. కాని ఏ స్టేషను, ఎవరి తప్పు, ఏమి నష్టము, ఏమి చర్య కోరుచున్నాడు అను నాలుగు విషయములును అందులో స్పష్టముగా ఉన్నవి. వ్యాకరణము లేకున్నను విషయమున్న మనవి శతాబ్దము దాటి నిలిచినది.

సూరతు నేల చెప్పిన పాఠము

మనము నిలిచియున్న ఈ నేలకు మనవితో విడదీయరాని చరిత్ర కలదు. 1907 డిసెంబరులో జాతీయ కాంగ్రెసు ఈ సూరతులోనే సమావేశమై రెండుగా చీలినది. అధ్యక్షుడెవరు, కలకత్తా తీర్మానములు నిలుచునా నిలువవా అనునవి అప్పటి వివాదములు. వాని వెనుకనున్న అసలు ప్రశ్న ఒకటి: ప్రభుత్వమునకు అర్జీలు పెట్టుకొనుచు పోవుటయా, ప్రజల బలము మీద నిలబడుటయా? మితవాదులు మొదటి మార్గమును, తిలక్ వర్గీయులు రెండవ మార్గమును పట్టిరి. సభలో చెప్పులు, కుర్చీలు లేచినవి. ప్రశ్న మాత్రము తీరలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము ఇరువది యేండ్ల తరువాత ఇక్కడికి దగ్గరలోనే దొరికినది. ఉధ్నా నుండి జలగాం పోవు మార్గములో బార్డోలీ స్టేషనును మనవారు ప్రతిదినము చూచుచునే యున్నారు. అక్కడి రైతులపై భూమిశిస్తు సుమారు 22 శాతము పెంచబడినది. రైతులు మొదట అర్జీలు పెట్టిరి. 1928 ఫిబ్రవరి 6న వల్లభభాయి పటేలు గవర్నరుకు మర్యాదగా లేఖ వ్రాసి, విచారణ జరిపించుమని కోరెను. లేఖను రెవెన్యూ శాఖకు పంపితిమని మాత్రము సమాధానము వచ్చెను. ఇటువంటి సమాధానము మనకు క్రొత్త కాదు గదా! ఫిబ్రవరి 12న సత్యాగ్రహము ఆరంభమైనది. ఆగస్టులో ప్రభుత్వము రాజీకి వచ్చెను. మరుసటి సంవత్సరము బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అను అధికారుల విచారణలో న్యాయమైన పెంపు సుమారు 6 శాతమేనని తేలెను.

ఇందు గ్రహింపదగినదేమి? బార్డోలీ రైతులు మనవిని విడువలేదు. మనవి వెనుక బలము నిలిపిరి. పటేలు లేఖలో అమర్యాద లేదు, అంకెలున్నవి. అంకెలు సరియైనవని తరువాత రుజువైనది. 1930 మార్చి 2న గాంధీగారు వైస్రాయికి వ్రాసిన లేఖ కూడ అట్టిదే. అందులో ఆయన వైస్రాయిని బిరుదులతో గాక మిత్రుడని సంబోధించెను. గౌరవము తగ్గలేదు, ఎత్తు మాత్రము సమానమైనది. ఏప్రిల్ 6న దండి తీరమున ఉప్పు తీయబడినది.

మన ఉద్యమములో మనవి

ఈ దేశములోని మనవులన్నిటిని మోసినవారు రైల్వే, తపాలా ఉద్యోగులే. మన సొంత మనవులు మాత్రము ఏండ్ల తరబడి బల్లల మీద పడియున్నవి. 1946 జూలైలో తపాలా ఉద్యోగులు, 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, 1968 సెప్టెంబరు 19న మరల వారే, 1974 మేలో రైల్వే కార్మికులు సమ్మెకు దిగిరి. మనవులకు సమాధానము వచ్చియుండిన ఇందులో ఒక్కటియు జరిగియుండదు. 1974లో సంప్రదింపులు సాగుచుండగనే మే 2న నాయకులను నిర్బంధించిరి. మే 8న సమ్మె మొదలై సుమారు ఇరువది దినములు సాగినది. వేలాదిమంది జైళ్ళ పాలైరి, ఉద్యోగములు పోగొట్టుకొనిరి. మనవి వినని ధరను కార్మికుల కుటుంబములు చెల్లించినవి.

ఇట్టి పోరాటముల నడుమనే సమష్టి మనవికి ఒక గుమ్మము ఏర్పడినది. రైల్వేలలో 1952 నుండి శాశ్వత సంప్రదింపుల యంత్రాంగము, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1966లో సంయుక్త సలహా యంత్రాంగము వచ్చినవి. ఒంటరి ఉద్యోగి గుమ్మము బయట నిలిచి చేసికొనిన మనవి, సంఘము ద్వారా బల్లకు ఎదురుగా కూర్చుండి చేయు మనవి అయినది. ఆ మార్పు చిన్నది కాదు.

కాలము దాటిన మనవి

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన విషయము. చాలమంది సోదరులు, 'అయ్యా, మరల ఒకసారి మనవి చేసికొనెదము, దొరవారు కరుణింపకపోవుదురా' అని ఏండ్లు గడుపుదురు. 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ళ చట్టము ప్రకారము, మీ మనవిపై తుది ఉత్తరువు వచ్చిన ఒక సంవత్సరములోగా ట్రిబ్యునలుకు పోవలెను. సమాధానమే రానియెడల, ఆరు నెలలు చూచి, ఆ తరువాత సంవత్సరములోగా పోవలెను. అదే విషయముపై మరల మరల మనవులు పెట్టుకొన్నంత మాత్రమున గడువు పెరుగదని 1989లో సుప్రీంకోర్టు ఎస్.ఎస్. రాథోర్ కేసులో స్పష్టము చేసినది. ఆలస్యమునకు తగిన కారణము చూపిన ట్రిబ్యునలు మన్నింపవచ్చును. కాని అధికారి దయకొరకు వేచితిననుట తగిన కారణమని ఎవరును నమ్ముకొనరాదు.

చూచితిరా? చట్టము మనవిని గౌరవించుచున్నది, మొదట మనవి చేయుమనియే చెప్పుచున్నది. కాని మనవినే జపముగా చేసికొనువానిని రక్షించుట లేదు. పది మనవుల కట్ట చేతిలో నున్నను, మొదటి మనవి తేదీ, అది ముట్టినట్లు రశీదు లేనివాడు ఒట్టి చేతులవాడే.

ఇతరులు వేసిన అడుగులు

ఈ మాటల విషయమై ఇటీవల దేశములో కొన్ని మార్పులు వచ్చినవి. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము సమాచారము కోరువాడు కారణము చెప్పనక్కరలేదు. బ్రతిమాలుట యెట్లున్నను, సంజాయిషీ కూడ అక్కరలేదు. 2006లో బార్ కౌన్సిల్, న్యాయవాదులు న్యాయమూర్తులను ప్రభువులని పిలువనక్కరలేదని నియమము చేసినది. 2021లో కేరళలోని పాలక్కాడ్ జిల్లా మాత్తూర్ గ్రామ పంచాయితీ, తన కార్యాలయములో 'సార్', 'మేడమ్' అను పిలుపులను తొలగించినది. అర్జీలో ప్రార్థించుచున్నాను అని గాక, హక్కుగా కోరుచున్నాను అను అర్థము గల 'అవకాశప్పెడున్ను' అను మాట వ్రాయవచ్చునన్నది. మనకు అవకాశమనగా వీలు, వారి భాషలో అవకాశమనగా హక్కు! 2023లో కేరళ ప్రభుత్వము కూడ దరఖాస్తులలో 'వినమ్రముగా' అను అర్థము గల మాట అక్కరలేదని ఉత్తరువు చేసినది.

మేము మనవి అను మాటను తొలగింపుమనుట లేదు. అది చక్కని మాట, మన పెద్దలిచ్చిన మాట. దానికి చుట్టుకొన్న తీగలను తొలగింపుడని మాత్రము చెప్పుచున్నాము. ఇక్కడి గుజరాతీ సోదరులను చూడుడు. అధికారినైనను, మగ్గము నడుపువానినైనను పేరు చివర 'భాయి' అనియో, 'బేన్' అనియో చేర్చి పిలుతురు. గౌరవమునకు లోటు లేదు, వంగుటకు తావు లేదు.

ఉధ్నాలో మన బాధ్యత

రాజ్యాంగములోని 350వ అధికరణమును ప్రతి తెలుగు ఉద్యోగి గుర్తుంచుకొనవలెను. తన కష్టము తీర్చుమని కేంద్ర ప్రభుత్వపు అధికారికైనను, రాష్ట్రపు అధికారికైనను వినతిపత్రము సమర్పించు హక్కు ప్రతి వ్యక్తికిని కలదనియు, ఆ పత్రము కేంద్రములో లేక ఆ రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషలోనైన ఉండవచ్చుననియు అది చెప్పుచున్నది. అనగా మనవి రాజ్యాంగము ఒప్పుకొన్న హక్కు. రైల్వేయు, తపాలాయు కేంద్ర శాఖలు. కనుక ఉధ్నాలో నివసించు తెలుగువాడు ఈ రెండు శాఖలకు తెలుగులో మనవి వ్రాయవచ్చును.

ఈ మాట ఇక్కడ ఎందుకు చెప్పుచున్నాము? వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు ఎన్నియో ఉధ్నా, లింబాయత్ ప్రాంతములలో మరమగ్గముల మీద బ్రతుకుచున్నవి. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో పాఠశాలలు నడుపునంత పెద్ద సమాజమిది. స్వస్థలమునకు పోవుటకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్, డబ్బు దాచుకొనుటకు తపాలా పొదుపు ఖాతా. ఆ రెండు గవాక్షముల వెనుక కూర్చున్నది మనమే.

మన అధికారి మన మనవిని చదువక ప్రక్కకు త్రోసినప్పుడు మన మనస్సు నొచ్చును. మరి పన్నెండు గంటలు మగ్గము దగ్గర నిలిచి వచ్చిన నేతగాడు ఫారము నింపుట తెలియక మన గవాక్షము ముందు తడబడినప్పుడు మనమేమి చేయుచున్నాము? 'ఏయ్, ప్రక్కకు తప్పుకో' అనుచున్నామా, 'ఏమి కావలెనండి' అనుచున్నామా? పైవారి నుండి మనము కోరు గౌరవమును క్రిందనున్నవారికి ఇయ్యనివాని మనవికి నైతిక బలము ఉండదు. భర్త మరణించిన స్త్రీ ఖాతాలోని డబ్బు కొరకు మూడు మార్లు తిరిగి, నాలుగవమారు రాకుండ ఊరుకొనిన, ఆ డబ్బు ఎవరి అజాగ్రత్త వలన నిలిచిపోయినట్లు? ఆమె మనవి వ్రాయలేదు కనుక ఆమె హక్కు లేకపోలేదు.

కావున ఈ సభ ముందు నాలుగు సూచనలు ఉంచుచున్నాము.

ఒకటి: మన మనవులలో ఒక్క సంబోధన, ఒక్క ముగింపు చాలును. నడుమ 'పాదములకు', 'కటాక్షము', 'ప్రాధేయపడుచు' అను మాటలు వలదు. ఆ స్థలములో తేదీ, నియమము సంఖ్య, రావలసినది ఎంత, ఎన్నటి నుండి అను విషయములు వ్రాయవలెను.

రెండు: ప్రతి మనవికి ఒక నకలు, ముట్టినట్లు రశీదు ఉండవలెను. ఆరు నెలలు దాటిన మనవిని సంఘ కార్యదర్శికి చూపవలెను.

మూడు: ఇరువురికి మించి ఒకే కష్టమున్న చోట, విడివిడిగా మనవులు చేయుట మాని, సంఘము ద్వారా యంత్రాంగము ముందుంచవలెను.

నాలుగు: సెలవు దినములలో వంతులవారీగా ఇద్దరు సభ్యులు కూర్చుండి, ఈ ప్రాంతపు తెలుగు కార్మికులకు రైల్వే, తపాలా కాగితములు వ్రాసి పెట్టవలెను. వారు చెప్పినది చెప్పినట్లు, వారి భాషలోనే వ్రాయవలెను.

ఈ నాలుగింటిలో నాలుగవదానికి డబ్బు అక్కరలేదు, అధికారుల అనుమతి అక్కరలేదు. రెండు గంటల తీరిక, ఒక బల్ల, ఒక కలము చాలును. వచ్చు సెలవు దినమున మొదటి వంతునకు పేర్లు ఇయ్యవలసినదిగా సభ్యులకు మనవి చేయుచున్నాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లుగాక!